ఆఖరి స్టాపులో భోజనాలు

ఆ శనివారానికి కోడలు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. రేవు ఆఫీసుకు కొత్తగా బదిలీ అయి వచ్చినవాళ్ళను వ్యానులో ఎక్కించుకుని, దీపస్తంభం, చేపల మార్కెట్టు, ఉప్పు మడులు చూపించి, భోజనాల వేళకు ఎవరిళ్ళ దగ్గర వాళ్ళను దింపెయ్యడం. ఆఫీసులో ఆమె ఉద్యోగమే అది. ఈ తీరాన్నీ, ఇక్కడి మనుషులనూ, వాళ్ళ తీరుతెన్నులనూ కొత్తవాళ్ళకు పరిచయం చెయ్యాలి. అందుకోసం పైవాళ్ళు ఒక ఉపన్యాసం రాసిచ్చారు. నిద్రలోంచి లేపి అడిగినా ఆమె దాన్ని తడుముకోకుండా చెప్పగలదు. వినేవాళ్ళకే మెలకువగా ఉండటం కష్టం.

ఆ ప్రణాళికలో మామగారు లేరు. శనివారాలు ఆయనను కనిపెట్టుకుని ఉండేది ఆమె భర్త. అతను ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కు. తెల్లారీ తెల్లారకముందే ఫోనొచ్చింది, పెద్ద మిషను ఆగిపోయిందని.

"నేను వెళ్ళకపోతే ఐసంతా నీళ్ళయిపోతుంది," అన్నాడు అతను బూట్లు తొడుక్కుంటూ.

"మరి మామయ్యో?"

"నీతో తీసుకెళ్ళు. కిటికీ పక్కన కూర్చోబెడితే బయటికి చూస్తూ కూర్చుంటాడు."

"మీ నాన్న కిటికీలోంచి చూస్తూ కూర్చునే మనిషేనా?"

బూటు లేసు ముడిపడనట్టు అతను వంగిన తల ఎత్తలేదు.

మామగారు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ బస్సు కండక్టరు. తీరం వెంట పోయే రోడ్డు మీద, ఈ పట్నం నుంచి చివరి ఊరి దాకా తిరిగిన బస్సు ఆయనది. ఆ చివరి ఊరే ఆయన సొంతూరు. ఇప్పుడాయనకు పాత సంగతులు అద్దంలో ఉన్నట్టుంటాయి, కొత్తవి నిలవవు. టిఫిను తిని చెయ్యి కడుక్కొచ్చి, "ఇవాళ టిఫిను లేదా అమ్మాయ్?" అంటారు. దానికైతే కోడలు నవ్వి ఇంకో పళ్ళెం పెట్టేది. నవ్వలేని ప్రశ్న వేరే ఉంది.

అత్తయ్య పోయి రెండేళ్ళయింది. ఆ సంగతి ఆయనకు గుర్తుండదు. "మీ అత్తయ్యేదమ్మా?" అని రోజూ అడిగేవారు. మొదట్లో నిజమే చెప్పారు. చెప్పినప్పుడల్లా ఆయనకు అదే మొదటిసారి. ఉన్నపళంగా కూలబడి, తువ్వాలు నోటికడ్డం పెట్టుకునేవారు. ఇంటిల్లిపాదీ రోజుకో చావు మోయాల్సి వచ్చేది. అత్తయ్య నిజంగా పోయిన రోజున వచ్చేపోయే జనానికి కుర్చీలు వెయ్యడం, ఈయన పడిపోకుండా పట్టుకోవడం, ఈ రెంటితోనే కోడలికి పొద్దు గూకింది. తన ఏడుపు సంగతి తర్వాత చూసుకుందాం అనుకుంది. ఆ తర్వాత అనేది రానే లేదు. ఒక పొద్దున పొయ్యి మీద ఎసరు పొంగుతుండగా, ఆఫీసు టైమవుతుండగా ఆయన మళ్ళీ అడిగారు. ఆమెకు ఇక ఓపిక లేకపోయింది. "ఊరికెళ్ళింది మామయ్యా," అనేసింది.

"ఓహో," అని ఆయన హాయిగా కాఫీ తాగారు.

ఆనాటి నుంచి ఇంట్లో అదే జవాబు ఖాయమైపోయింది. చిక్కల్లా ఒక్కటే. ఆ ఊరు కూడా లేదు. వరస తరవాత వరసగా ఇళ్ళను సముద్రం కలుపుకుంటూ వచ్చి, పదేళ్ళ కిందట బడినీ, బస్సు తిరిగే మలుపునీ కూడా కలిపేసుకుంది. లేని మనిషిని లేని ఊరికి పంపించి, కోడలు నిశ్చింతగా ఆఫీసుకు వెళ్తూ ఉండేది.

వ్యాను దగ్గర ఆమె ఆయనకు నచ్చజెప్పింది. "మామయ్యా, వెనక తలుపు పక్క సీట్లో కూర్చోండి. ఎవరితోనూ మాట్లాడకండి. నేను డ్యూటీలో ఉన్నాను."

"డ్యూటీలో మాటలేమిటమ్మా, నాకు తెలీదా?" అన్నారు మామగారు, ఖాకీ చొక్కా గుండీలు సరిచూసుకుంటూ. తలుపు పక్కనైతే ఎవరి కంటా పడరని ఆమె అనుకుంది. బస్సులో కండక్టరు కూర్చునే సీటు అదేనన్న సంగతి ఆమెకు తట్టలేదు.

వ్యాను నిండింది. అకౌంట్సు ఆఫీసరు, ఆయన భార్య, రేవు ఆసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, రెండు సీట్లు ఆక్రమించుకున్న భారీకాయుడు క్రేను ఆపరేటరు, ఇంకా పిల్లాజెల్లాతో కొందరు గుమాస్తాలు. డ్రైవరును ఆఫీసులో మూగనోము అంటారు. అడిగితే తప్ప నోరు విప్పడు. అడిగినా ఒక్కోసారి విప్పడు.

"ఈ తీరప్రాంతం ప్రకృతి సౌందర్యానికీ, కష్టజీవులైన ప్రజలకూ పెట్టింది పేరు," అని కోడలు మైకులో మొదలుపెట్టింది. మైకు గురగురమంది. అకౌంట్సు ఆఫీసరు ఆవలించాడు. ఆయన భార్య కిటికీలోంచి చూస్తూ, "ఆ ఇళ్ళకు సముద్రం వైపు ఒక్క తలుపూ లేదేమిటండీ?" అని అడిగింది.

రాసిచ్చిన ఉపన్యాసంలో తలుపుల ప్రసక్తి లేదు. "ఆ విషయం చివర్లో వస్తుందండీ," అంది కోడలు.

"గాలి వల్లమ్మా," అంది వెనక నుంచి ఒక గొంతు. "సముద్రం వైపు తలుపు పెడితే, తెరిచాక మూయడానికి ఇద్దరు కావాలి. ఇక్కడి ఇళ్ళల్లో ఇద్దరూ ఇంటిపట్టున ఉండే వేళ తక్కువ."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. మామగారు లేచి నిలబడి ఉన్నారు. ఒక చెయ్యి పైన కమ్మీ మీద. వ్యాను ఎటు ఊగినా ఆయన ఊగడం లేదు.

"జరగాలి, ముందుకు జరగాలి, మధ్యలో ఖాళీ ఉంది," అన్నారాయన. నిలబడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా ఇద్దరు గుమాస్తాలు లేచి ముందు సీట్లలోకి జరిగారు. ఆయన అకౌంట్సు ఆఫీసరు దగ్గర ఆగి, "పాసా, టిక్కెట్టా?" అన్నారు. ఆఫీసరు గబగబా జేబులోంచి ఆఫీసు గుర్తింపు కార్డు తీసి చూపించాడు. మామగారు దాన్ని దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు. "ఇది ఈ రూటుకు చెల్లదు. అయినా కొత్తవాళ్ళు కదా, కూర్చోండి."

వ్యానంతా నవ్వింది. "భలే మనిషిని పెట్టారండీ ఆఫీసువాళ్ళు," అంది ఆఫీసరు భార్య కోడలితో. "మీరు ఈయన దగ్గర పని నేర్చుకుంటున్నారా?"

నాలుగేళ్ళుగా ఆ పని చేస్తున్న కోడలు మైకు ఆపేసి, "అవునండీ," అంది.

ఉప్పు మడుల దగ్గర మామగారు రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశారు. మూగనోము టక్కున బ్రేకు వేశాడు. ఈలకు ఆగడం, "రైట్ రైట్" అంటే కదలడం ఏ డ్రైవరుకైనా రక్తంలో ఉండే విద్య. అక్కణ్ణుంచి కోడలి ఉపన్యాసం ఎవరికీ అవసరం లేకపోయింది. ఇక్కడివాళ్ళు గట్టిగా మాట్లాడితే అది కోపం కాదనీ, గాలికి అలవాటు పడ్డ గొంతనీ ఆయనే చెప్పారు. దారి అడిగితే కుడీ ఎడమా అనరు, సముద్రం వైపు, రోడ్డు వైపు అంటారట. ఇనుముకు ఈ గాలిలో ఆయుష్షు లేదట. కొన్న తాళం రెండో ఏటికే తెరుచుకోదు కాబట్టి తాళాలు వేసే అలవాటే పోయిందట. "దొంగలు లేకా?" అని అడిగాడు ఆఫీసరు. "ఉండేవారు. వాళ్ళ పనిముట్లూ తుప్పుపట్టాయి," అన్నారు మామగారు.

"ఒకటి గుర్తుపెట్టుకోండి," అన్నారు చివర్లో. "ఒడ్డున కూర్చున్న ఆడవాళ్ళని పడవ ఎప్పుడొస్తుందని మాత్రం అడక్కండి. తెలిస్తే వాళ్ళు అక్కడ కూర్చోరు."

కోడలికి కొంచెం చిన్నతనంగా అనిపించింది. అంతకన్నా ఎక్కువ ముచ్చటేసింది. రెండేళ్ళలో ఆయన ఇంత హుషారుగా ఉండటం ఆమె చూడలేదు. సరే, ఇంకో గంటలో ఇల్లు చేరతాం, ఈలోగా మునిగిపోయేదేముంది అనుకుంది.

"మా ఊరు చూడకపోతే మీరు ఈ తీరంలో ఏం చూసినట్టు?" అన్నారు మామగారు. "ఆఖరి స్టాపు మాదే. బస్సు బడి ముందు తిరుగుతుంది. తిరిగేటప్పుడు హారను కొడితేగాని లెక్కల మేష్టారు పాఠం ఆపడు. పక్కనే ఇస్త్రీ ఆయన. పుట్టుచెవుడు, ఏ చొక్కా ఎవరిదని అడిగినా నవ్వుతాడు. నేను పదేళ్ళు ఎవరిదో చొక్కా వేసుకుని డ్యూటీ చేశాను. మా ఆవిడ ఊళ్ళోనే ఉంది. అందరూ భోజనానికి వచ్చెయ్యండి."

"ఇంతమందిమా?" అన్నాడు క్రేను ఆపరేటరు, ఆశ దాచుకోలేక.

"నలభై మందికి ఒంటిచేత్తో వండుతుంది. రెండో చేత్తో నన్ను తిడుతుంది."

ఆఫీసరు భార్య కోడలి వైపు వంగింది. "మీకు ఈయనేమవుతారు?"

"మామగారండీ."

"అయితే మీ అత్తగారు ఊళ్ళో ఉన్నారా?"

మామగారు కోడలినే చూస్తున్నారు. "ఆఁ. ఊరికెళ్ళారు."

"అంతమందికి వండాలంటే ఆవిడకు శ్రమ కాదూ?"

తప్పించుకోవడానికి దారి దొరికిందని కోడలి ప్రాణం లేచొచ్చింది. "అదేనండీ. అసలు ఆవిడకు ఒంట్లో బాగుండటం లేదు. ఇంకోసారి వెళదాం."

అనకూడని మాట అన్నానని ఆమెకు వెంటనే తెలిసింది. మామగారి మొహంలో రంగు పోయింది. "ఒంట్లో బాగాలేదా? నాకెందుకు చెప్పలేదు?"

"ఏమైంది ఆవిడకు?" అంటూ డాక్టరమ్మ ముందు సీట్లోంచి లేచింది.

"పెద్దగా ఏం లేదండీ."

"పెద్దగా లేకపోతే చెప్పడానికి ఇంత తడబాటెందుకు? జ్వరమా? ఆయాసమా? ఊపిరి ఆడుతోందా అసలు?"

ఈ చివరి ప్రశ్నకు అబద్ధం చెప్పడం కోడలి వల్ల కాలేదు. నిజం చెప్పడమూ కాలేదు. డాక్టరమ్మ పాతికేళ్ళుగా రోగుల బంధువుల మొహాలు చదివిన మనిషి. "సీరియస్," అని తేల్చేసింది. "ముందు అక్కడికి పోనివ్వండి."

"రైట్ రైట్," అన్నారు మామగారు. మూగనోము గేరు మార్చాడు.

డాక్టరమ్మ ఆసుపత్రికి ఫోను చేసి, ఆఖరి స్టాపుకు అంబులెన్సు పంపమంది. చెప్పెయ్యాలి, ఆ మలుపు దాటాక చెప్పేద్దాం, అనుకుంది కోడలు. మలుపు దాటింది. మామగారు సీటు అంచున కూర్చుని, తువ్వాలు రెండు చేతుల్లో మెలిపెడుతున్నారు. వచ్చే వంతెన దగ్గర చెబుదాం అనుకుంది. వంతెన కూడా దాటింది. ఆఫీసరు భార్య ఆమె చెయ్యి పట్టుకుని, "ఏం కాదు, ధైర్యంగా ఉండమ్మా," అంటోంది. ఇంతమంది ముందు ఆ ముసలాయనకు ఆ మాట మళ్ళీ మొదటిసారి చెప్పడానికి ఆమెకు ఏ చోటూ సరిపోయింది కాదు.

ఈలోగా జరిగినవి ఆమెకు తర్వాత తెలిశాయి. అంబులెన్సు డ్రైవరు ఫోను మ్యాపులో ఎంత వెతికినా ఆఖరి స్టాపు అనే ఊరు కనబడలేదు. అతను రేవు ఆఫీసుకు ఫోను చేసి, మీ ఆఫీసు కోడలుగారి అత్తగారికి సీరియస్ అట, దారెటు అని అడిగాడు. అక్కడున్న సూపరింటెండెంటు కూడా బదిలీ మీద వచ్చి నెలైనా కాలేదు. ఊరు తెలియదంటే చిన్నతనమని, "రోడ్డు వెంట చివరిదాకా పోవయ్యా, ఆమాత్రం తెలీదూ?" అని కసిరి, తనూ జీపెక్కాడు. ఎక్కేముందు, ఉద్యోగుల సంక్షేమం తన బాధ్యత కాబట్టి, ఐసు ఫ్యాక్టరీకి ఫోను చేసి కోడలి భర్తను పిలిపించాడు.

"కంగారు పడకండి. మీ అమ్మగారికి సీరియస్‌గా ఉందట. అంబులెన్సు పంపించాం."

"ఎవరికి సార్?"

"మీ అమ్మగారికి."

"మా అమ్మకా?"

"అవును."

"ఏ అమ్మకు సార్?"

"మీకెంతమంది అమ్మలయ్యా?" అన్నాడు సూపరింటెండెంటు. అంతలోనే జాలిపడి, "బయల్దేరి ఊరికి వచ్చెయ్యండి," అని పెట్టేశాడు.

ఊరికి అనే మాట వినేసరికి భర్తకు సముద్రం గుర్తొచ్చింది. అమ్మ అంటే పొరపాటు పడ్డారనీ, అక్కడ ఏదో అయింది నాన్నకేననీ అనుకున్నాడు. గేటు దగ్గర బయల్దేరబోతున్న ఐసు లారీ ఒక్కటే ఉంది. నిండా సరుకుతో ఉన్న ఆ లారీనే ఎక్కి పోనిమ్మన్నాడు.

తారు రోడ్డు ఉన్నట్టుండి అయిపోయింది. అయిపోవడం అంటే ఆగిపోవడం కాదు. నడిమి తెల్లగీతతో సహా వాలుగా నీళ్ళలోకి దిగి, అలల కింద కాస్త దూరం కనిపించి, ఆ పైన కనపడకుండా పోయింది. లోపలెక్కడో ఒక నీళ్ళ ట్యాంకు తల మాత్రం పైకి తేలి ఉంది. దాని మీద పక్షులు వాలి ఉన్నాయి. మూగనోము వ్యాను ఆపి ఇంజను కట్టేశాడు.

"ఊరేది?" అన్నాడు క్రేను ఆపరేటరు.

మామగారు లేచారు. "ఆఖరి స్టాపు. దిగాలి, దిగాలి. సామాన్లు మర్చిపోకండి." అలవాటైన మాటలు అలవాటుగా వచ్చేశాయి. అందరూ దిగారు. కండక్టర్లందరిలాగే ఆయన చివరగా దిగి, నాలుగడుగులు వేసి, నీళ్ళ అంచున నిలబడిపోయారు.

కోడలు వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. తర్వాత జనం వైపు తిరిగింది. "ఊరు అదేనండీ," అని నీళ్ళకేసి చూపించింది. "ఆ ట్యాంకు ఊరి నడిబొడ్డున ఉండేది. పదేళ్ళయింది పోయి. నేను ముందే చెప్పాల్సింది. మా అత్తయ్య," అని ఆగింది. "మా అత్తయ్య," అంది మళ్ళీ. మూడోసారి ఆ మాట కూడా పెగల్లేదు. రెండేళ్ళ కిందట తర్వాత చూసుకుందామని పక్కన పెట్టిన ఏడుపు, ఎవరో పిలిచినట్టు, అక్కడ ఆ రోడ్డు చివర వచ్చి మీద పడింది. ఆమె చిన్నపిల్లలా నోరు తెరిచి ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే అంబులెన్సు కూతపెట్టుకుంటూ వచ్చి ఆగింది. దాని వెనకే జీపు.

మామగారు సముద్రాన్ని చూశారు. అంబులెన్సును చూశారు. మొహాలు వేలాడేసుకుని నిలబడ్డ జనాన్ని చూశారు. చివరికి కోడలిని చాలాసేపు చూశారు. ఆయన కళ్ళు నెమ్మదిగా తేటపడ్డాయి.

"నీకెవరూ చెప్పలేదా అమ్మా?" అన్నారు.

"ఏంటి మామయ్యా?"

"మీ అత్తయ్య పోయిందమ్మా."

ఆమె ఏడుపు గొంతులోనే ఆగిపోయింది.

"చాన్నాళ్ళయింది," అన్నారాయన, ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని. "నువ్వప్పుడు ఊళ్ళో లేవేమో. నీకు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదేమో. ఇలాంటివి చెప్పడం కష్టం కదా. వాళ్ళని ఏమీ అనుకోకు. ఇంట్లోనే, తన మంచం మీదే పోయింది. పెద్దగా బాధ పడలేదు. పోయేముందు నీ గురించే అడిగింది. పిల్ల ఆఫీసు నుంచి వచ్చిందా, ఏమన్నా తిందా అని."

ఆ మాట కోడలు ఎన్నడూ వినలేదు. అత్తయ్య పోయిన వేళకు ఆమె నిజంగానే ఆఫీసులో ఉంది. ఆ గదిలో ఉన్నది మామగారొక్కరే. ఆయన చెబుతున్నది ఆనాడు జరిగిందో, ఇప్పుడు ఆమె కోసం పుట్టిందో చెప్పగలవాళ్ళు ఎవరూ లేరు.

"ఏడువు," అన్నారు ఆయన, తువ్వాలుతో ఆమె మొహం తుడుస్తూ. "తప్పులేదు. మొదట విన్నప్పుడు నేనూ ఏడ్చాను."

జీపు దిగి పరిగెత్తుకొచ్చిన సూపరింటెండెంటుకు వినబడింది "మీ అత్తయ్య పోయిందమ్మా" అన్న ఒక్క మాటే. అతను కళ్ళజోడు తీసి, గొంతు సవరించుకుని, అందరినీ రెండు నిమిషాలు మౌనం పాటించమన్నాడు. అంబులెన్సు కూత ఆగింది. అందరూ వరసగా సముద్రం వైపు తిరిగి తలలు వంచుకున్నారు. ఎందుకు నిలబడ్డారో సగంమందికి తెలియదు. తెలియనివాళ్ళ తలలు ఇంకా కిందికి వంగాయి.

ఆ మౌనంలోకి ఐసు లారీ హారను మోగించుకుంటూ, రోడ్డు పొడుగునా నీళ్ళు కార్చుకుంటూ వచ్చింది. భర్త దూకి, తండ్రి రెండు కాళ్ళ మీద నిలబడి ఉండటం చూసి ఒక్క క్షణం లారీ తలుపుకు ఆనుకున్నాడు. సూపరింటెండెంటు వెళ్ళి అతన్ని కావలించుకున్నాడు.

"ధైర్యంగా ఉండండి. అమ్మగారు మనకిక లేరు."

"తెలుసు సార్. మా అమ్మ పోయి రెండేళ్ళయింది."

సూపరింటెండెంటు కౌగిలి వదలకుండానే తల తిప్పి, "డాక్టరుగారూ, ఇతన్ని కూడా ఓసారి చూడండి," అన్నాడు.

డాక్టరమ్మకు ఈలోగా సంగతి అర్థమైంది. తన రోగనిర్ధారణ తప్పడం మాట అటుంచి, చికిత్స దాటిపోయి రెండేళ్ళయిన మనిషికి అంబులెన్సు పిలిపించానని ఆమె మూగనోము మీద విరుచుకుపడింది. "ఇక్కడ ఊరు లేదని నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పవేం?"

"ఎవరూ అడగలేదు," అన్నాడు మూగనోము. ఆ వారానికి అతను మాట్లాడింది అంతే.

పేషెంటు లేకుండా తిరిగి వెళ్ళడానికి అంబులెన్సు డ్రైవరు ఒప్పుకోలేదు. పైవాళ్ళకు జవాబు చెప్పుకోవాలన్నాడు. అతనికి నచ్చజెప్పడానికి సూపరింటెండెంటు గంభీరంగా అడుగు ముందుకేశాడు. ఆ అడుగు నాచు పట్టిన తారు మీద పడింది. చీలమండ మెలిపడి, తెల్లగీత మీద బారుగా కూలబడ్డాడు. ఐసు పుష్కలంగా ఉంది కాబట్టి వెంటనే కట్టు కట్టారు. అతన్ని స్ట్రెచరు మీద ఎక్కించాక అంబులెన్సు డ్రైవరు మొహం విప్పారింది.

అందరూ బయల్దేరతారనే కోడలు అనుకుంది. ఆఫీసరు భార్య మాత్రం చెప్పులు విడిచి, రోడ్డు తెగిన అంచున కూర్చుంది. "ఇస్త్రీ ఆయన ఇల్లెక్కడండీ?" అని అడిగింది మామగారిని.

"అదిగో, ఆ నురుగు తేలుతున్న చోట. దానికి సముద్రం వైపు బడి. రోడ్డు వైపు మా ఇల్లు."

ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. ఎవరో సంచిలోంచి బిస్కెట్లు తీశారు, ఇంకెవరో అరటిపళ్ళు పంచారు. క్రేను ఆపరేటరు తన వాటా ఎదుటి పసిపిల్ల చేతిలో పెట్టేశాడు. మామగారు అలల మీద వేలు చూపిస్తూ ఇంటింటికీ తీసుకెళ్ళారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎవరి ఇల్లు ఏ అల కింద ఉందో అడిగి తెలుసుకున్నారు. "మీ ఇంట్లో వంటగది ఎటు?" అని అడిగింది ఆఫీసరు భార్య. ఆయన చూపించారు. భర్త లారీ మెట్టు మీద నుంచి లేచి వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు. ఊరు పోయాక అతను ఆ రోడ్డు చివరికి రావడం అదే మొదటిసారి. తను పుట్టిన గది నీళ్ళలో ఎక్కడుందో అతనూ తండ్రి వేలు వెంట చూశాడు. లారీలోంచి కారుతున్న ఐసు నీళ్ళు వాళ్ళ పక్కగా పారి సముద్రంలో కలుస్తున్నాయి. మిషను బాగుచెయ్యాల్సిన సంగతి అతనికి గుర్తుంది. అయినా లేవలేదు.

సాయంత్రం ఇంట్లో దీపాలు పెట్టే వేళ మామగారు వసారాలోకి వచ్చారు. ఆయన మొహంలో పొద్దున జరిగినదేదీ మిగల్లేదు.

"మీ అత్తయ్యేదమ్మా?"

ఊరికెళ్ళింది అన్న మాట కోడలి నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగి, భర్తకేసి చూసింది. అతను తల ఊపాడు.

"పోయింది మామయ్యా," అంది. "రెండేళ్ళయింది."

ఆయన కూలబడి తువ్వాలు నోటికడ్డం పెట్టుకున్నారు. కోడలు ఈసారి పని మీద లోపలికి వెళ్ళలేదు. ఒకపక్క ఆమె, ఒకపక్క భర్త కూర్చున్నారు. ఆమె ఏడ్చింది. కాసేపటికి ఆయన తన దుఃఖం ఆపుకుని ఆమె వీపు నిమరడం మొదలుపెట్టారు. "ఊరుకో అమ్మా. నీకు మేమంతా లేమూ?" అన్నారు.

సోమవారం ఆఫీసులో సంతాప సందేశం అంటించారు. సూపరింటెండెంటు కాలు ఎత్తిపెట్టుకుని పడుకున్న చోటు నుంచే కోడలికి వారం రోజుల సెలవు మంజూరు చేశాడు. అసలు సంగతి చెబుదామని ఆమె గుమాస్తా బల్ల దాకా వెళ్ళింది. కాసేపు నిలబడింది. ఏమీ చెప్పకుండానే తిరిగి ఇంటికొచ్చి, ఆ వారమంతా మామగారితో కలిసి కూర్చుని అత్తయ్య కబుర్లు చెప్పుకుంది, ఏడుపొచ్చినప్పుడు ఏడ్చింది.

ఆఫీసు రికార్డుల ప్రకారం అత్తయ్య పోయింది ఆ శనివారమే. ఆ తేదీ తప్పని కోడలికి కూడా అనిపించలేదు.